రాత లేని గోరీలు

దక్కన్ చరిత్రకు సమాధి శాసనాలు ముఖ్యమైన ఆధారాలు. 1914లో ఏర్పడిన నిజాం రాష్ట్ర పురావస్తు శాఖకు తొలి అధిపతి గులాం యజ్దానీ అరబ్బీ, పారసీ శాసనాలను శ్రద్ధతో ప్రకటించారు. రాష్ట్రంలోని యూరోపియన్ల సమాధి ఫలకాలను క్రాఫ్టన్ సేకరించగా 1941లో గ్రంథంగా వెలువడినవి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల ఖబరస్తాన్లు ఈ రెండు కోవలకూ చెందవు. అక్కడి గోరీలలో అధిక భాగానికి రాతే లేదు.

ఇందుకు పేదరికమొక్కటే కారణం కాదు. ప్రవక్త (స) ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (ర) సమాధి తలవైపున స్వయంగా ఒక రాయి ఉంచి, తమ వారిని ఆ పక్కన ఖననం చేయడానికి అది గుర్తు అన్నారని అబూదావూద్‌లో కలదు. సమాధికి గచ్చు చేయడాన్ని, దానిపై కట్టడం లేపడాన్ని జాబిర్ (ర) ఉల్లేఖనం వారిస్తుంది. తిర్మిజీ పాఠంలో రాత కూడా చేరింది. అంటే గుర్తుకు అనుమతి ఉంది, ఆడంబరానికి లేదు. అయితే ఆ రాయి ఎవరిదో చెప్పగల బంధువులు ఊళ్లో ఉన్నంతవరకే అది గుర్తు.

ఆ బంధువులు చాలా ఊళ్లలో లేరు. 1948 సెప్టెంబరు సైనిక చర్య అనంతరం పర్యటించిన సుందర్‌లాల్ సంఘం ప్రాణనష్టం జరిగిన జిల్లాల్లో నల్లగొండను పేర్కొన్నది. తర్వాత బతుకుతెరువుకై పట్నానికి వలసలు సాగాయి. 1980వ దశకంలో శ్రీశైలం జలాశయం మహబూబ్‌నగర్ జిల్లా కృష్ణాతీర గ్రామాలను ముంచింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. మట్టిలో కలిసిన గోరీని అలా తరలించలేము. నమోదు మాత్రమే చేయగలము.

ఆ నమోదుకు ఒక క్రమం అవసరం. ఖిబ్లా పడమట ఉన్నందున ఇక్కడ శవాన్ని తల ఉత్తరానికి ఉంచి, ముఖం పడమటికి తిప్పుతారు. కనుక ఉత్తర దక్షిణాలుగా సాగిన రాళ్లు తొలి ఆధారం. పైన కలందాను వంటి గట్టు ఉంటే పురుషునిదని, పలక వలె చదునుగా ఉంటే స్త్రీదని సంప్రదాయం. ఈ మెట్ట భూముల్లో బృహచ్ఛిలాయుగపు రాతి వలయాలు కూడా ఉన్నందున తొందరపడి నిర్ణయించరాదు.

అరుదుగా తేదీ కనిపించినా జాగ్రత్త వహించాలి. 1320 అనే అంకె హిజ్రీ అయితే 1902-03. నిజాం సర్కారు ఫస్లీ అయితే 590 కలిపి 1910-11. ఎనిమిదేళ్ల తేడా! నెల పేరు ముహర్రమా, ఆజరా అన్నది చూస్తే సందేహం తీరుతుంది.

తర్వాత దఫ్తరు. 1954-55 ఖాస్రా పహాణీని, 1954 వక్ఫు చట్టం కింద జరిగిన సర్వే గెజెట్టును సరిపోల్చాలి. 2016లో జిల్లాలు విడిపోయినందున పాత జిల్లా, కొత్త జిల్లా, సర్వే నంబరు మూడూ రాయాలి. 2025 సవరణ చట్టం కేవలం వాడుక వల్ల వక్ఫుగా గుర్తించే పద్ధతిని ఇకపై తొలగించింది. అంతకుముందే నమోదైనవి, వివాదంలో గాని ప్రభుత్వ భూమి అనే వాదనలో గాని లేనంతవరకు, నిలిచాయి. కాబట్టి కాగితం లేని ఖబరస్తాను స్థితి మరింత బలహీనమైంది.

మరణించిన వారి పేరు, కాలం, స్థలం రాసిపెట్టడం ముస్లిం విద్వాంసులకు కొత్త కాదు. వఫయాత్ గ్రంథాలు, ఇబ్ను ఖల్లికాన్ కృషి అందుకు సాక్ష్యం. హదీసు వారించిన రాత సమాధి మీదిది, పుస్తకంలోనిది కాదు. రాళ్లను వచ్చే ఏడు కూడా కొలవవచ్చు. ఏ రాయి ఎవరిదో తెలిసిన వృద్ధుల మాటను ముందుగా రాసుకోవాలి.