మూకుడు, తన్నూర్, తందూర్

ఇంగ్లీషు మీడియంలో చదివి, అరవై దాటాక సొంతంగా నేర్చుకున్న తెలుగు ఇది. తప్పులుంటే దిద్దండి.

గుడిలో సాయంత్రం సేవ అయ్యాక, దుబాయ్‌లో ఒక ఇరానీ రొట్టెల దుకాణం ముందు ఆగుతాను. పనివాడు పల్చగా సాగదీసిన పిండిని గుండ్రటి మెత్త మీద పరిచి, మట్టి పొయ్యి లోపలి గోడకు చరుస్తాడు. కాసేపటికి రొట్టె పొంగుతుంది. కొక్కెంతో లాగి ఇస్తాడు. ఆ పొయ్యిని అరబ్బీలో తన్నూర్ అంటారు.

తన్నూర్ అంటే అడుగు లేని పెద్ద కుండ అనుకోండి. అంత పెద్దదాన్ని సారె మీద తిప్పి చేయడం కష్టం. బంకమన్నులో గడ్డి గానీ మేక వెంట్రుకలు గానీ కలిపి తొక్కుతారు. ఆరేటప్పుడు పగలకుండా అవి మట్టిని పట్టి ఉంచుతాయి. మట్టిని లావు తాళ్లలా చేసి, వరస మీద వరస చుట్టి, చేత్తో మెత్తుతారు. కింది వరస కాస్త ఆరాకే పై వరస వేయాలి. లేకపోతే బరువుకు కుంగిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ మూతి సన్నబడుతుంది. దీన్ని ఆవంలో కాల్చరు. బాగా ఎండాక లోపలే చిన్న మంట పెట్టి, మెల్లగా గట్టిపరుస్తారు.

ఈ దేశంలో చేతికుండల చరిత్ర పాతదే. రాస్ అల్ ఖైమాలో షిమాల్ పక్కన వాదీ హఖీల్ అనే లోయ ఉంది. అక్కడి కుమ్మరులు 14వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా సారె లేకుండానే వంటకుండలు, నీటి కూజాలు చేశారు. దగ్గరి రేవు పేరు జుల్ఫార్. అందుకే వాటిని జుల్ఫార్ కుండలు అంటారు.

ఇక మాట సంగతి. మెసొపొటేమియాలో అక్కడియన్ భాషలో తినూరు. అరబ్బీలో తన్నూర్, పారశీకంలో తనూర్, ఉర్దూలో తందూర్. హైదరాబాద్ పాతబస్తీలో 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణపు నాలుగు మూలల నాన్ కూడా ఇలా పొయ్యి గోడకు అంటించి కాల్చేదే.

మా అమ్మ దిబ్బరొట్టెకు మట్టిపాత్ర వాడేది. నూనె రాసి, మినపపిండి పోసి, మూత మీద కూడా నిప్పులు పెట్టేది. కిందా పైనా వేడి తగిలి రొట్టె ఎర్రగా కాలేది. నేను ఆ పాత్రను "పాన్" అనేవాణ్ణి. అమ్మ వేరే మాట అనేది. నేను పట్టించుకోలేదు. అమ్మ పోయాక ఆ మాట గుర్తుకు రాలేదు. పోయిన ఏడాది మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేసి అడిగితే, నవ్వి చెప్పింది: మూకుడు.

తన్నూర్ కొన్నేళ్లకు బీటలు వారుతుంది. మళ్లీ కొత్తది మెత్తుకోవచ్చు. మాట మాత్రం నోట్లో నానుతూ ఉంటేనే నిలుస్తుంది. మీ ఇంట్లో ఆ పాత్రను ఏమనేవారు? చెప్పే మనిషి ఉండగానే అడగండి.