మూకుట్లో రావిచెట్టు

సంక్రాంతికి వెల్ల వేయించే ఇళ్ళలో ఒక చిక్కు ఎప్పుడూ ఉండేదే. పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలిచి ఉంటుంది. కాకి తిని వదిలిన గింజకి ఎరువూ అక్కర్లేదు, పాదూ అక్కర్లేదు. చిటికెడు సున్నం రజను చాలు. వదిలేస్తే నాలుగేళ్ళకి గోడని చీలుస్తుంది. పీకేద్దామంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. చంద్రశేఖరపురంలో మా ఇంట్లోనూ ఓ ఏడు ఈ పంచాయితీ వచ్చింది.

"రావికి కత్తి పెడతావా మేస్త్రీ? నా కళ్ళముందర ఆ పని జరగడానికి వీల్లేదు" అన్నారు మా అత్తగారు.

"అట్లయితే గోడ మీద ఆశ వదులుకోండమ్మా" అన్నాడు మేస్త్రీ, బ్రష్షు బకెట్లో పడేసి.

నేను మధ్యలో దూరాను. "వేళ్ళతో సహా తీసి కుండీలో పెడతాను అత్తమ్మా. గోడా నిలబడుతుంది, చెట్టూ బతుకుతుంది."

"బతక్కపోతే?" అన్నారావిడ. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో రావి ఎండిపోతే ఆ మాట ఎన్నాళ్ళు వినాల్సి వస్తుందో మాత్రం బాగా తెలుసు!

అటక మీది పాత మట్టి మూకుడు దింపి, అడుగున చిన్న బెజ్జం పెట్టి అందులో నాటాను. అది ధనుర్మాసం. పొద్దున ముగ్గేసి ఓ చెంబు, సాయంత్రం దీపం పెట్టి ఓ చెంబు నీళ్ళు పోశాను. పసిబిడ్డకి పాలు పట్టినంత శ్రద్ధ! పది రోజులకి ఆకులు పసుపెక్కాయి. కనుమ నాటికి ఒక్కటీ మిగల్లేదు. అత్తగారు ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధయింది.

మా వీధి చివరి పిన్నిగారు అప్పటికే చింతనీ, మర్రినీ పళ్ళేల్లో పెంచుతుండేవారు. ఆవిడ వచ్చి కొమ్మ మీద గోటితో కాస్త గీరారు. బెరడు కింద పచ్చదనం కనబడింది. "ప్రాణం ఉందమ్మాయ్. నువ్వే ముంచేస్తున్నావు. దాని మానాన వదిలెయ్" అన్నారు.

చలికాలంలో చెట్టు నీళ్ళు తక్కువ తాగుతుంది. పైన మంచు, కింద తడి మట్టి. వేరుకి గాలాడక కుళ్ళుతుంది. పైగా రావి, మర్రి జాతుల వేళ్ళు కదపాల్సింది చలి తగ్గి చిగురు వేసే రోజుల్లో. ఆ రెండు తప్పులూ నేను ఒకేసారి చేశానన్నమాట.

అలా ఉగాది కోసం ఎదురుచూస్తూ, ఈ మరుగుజ్జు చెట్ల కథేమిటో చదవడం మొదలుపెట్టాను.

బోన్సాయ్ జపాను మాటే. పళ్ళెంలో నాటినది అని అర్థం. విద్య మాత్రం చైనాది. 706లో కట్టిన టాంగ్ వంశపు రాకుమారుడి సమాధి గోడల మీద, చిన్న రాళ్ళూ మొక్కలూ అమర్చిన పళ్ళెం మోసుకెళుతున్న పరిచారకుల బొమ్మ ఉంది. అక్కణ్ణించి విద్య జపాను చేరింది. 1309 నాటి జపాను చిత్రపటంలో కుండీ చెట్లు కనిపిస్తాయి. ఇందులో మందూ మాయా లేవు. కొమ్మ కత్తిరించడం, వేరు కత్తిరించడం, మట్టి తక్కువ ఇవ్వడం, ఇంతే. గింజ మాత్రం మహావృక్షానిదే.

వాళ్ళ 'నో' నాటకాల్లో కుండీ చెట్ల కథ ఒకటి ఉంది. సానో అనే చోట ఒక యోధుడు. పొలాలన్నీ బంధువులు కాజేస్తే పూరింట్లో ఉంటాడు. మంచు కురుస్తున్న రాత్రి ఒక సన్యాసి వచ్చి చోటడుగుతాడు. పెట్టడానికేమీ లేదని యోధుడు పంపించేస్తాడు. భార్య మనసు ఒప్పుకోదు; వెనక్కి పిలవమంటుంది. వచ్చిన అతిథికి కొర్రన్నం పెడతారు. చలి కాచుకోవడానికి కట్టెలుండవు. మంచి రోజుల్లో పెంచుకున్న మూడు కుండీ చెట్లు మాత్రం మిగిలి ఉంటాయి: ప్లమ్ చెట్టొకటి, చెర్రీ ఒకటి, పైన్ ఒకటి. మూడూ నరికి మంట వేస్తాడు. ఆ సన్యాసి మారువేషంలో ఉన్న పాలకుడు హోజో తోకియోరి. తర్వాత పోయిన భూమి తిరిగి ఇప్పించి, కాలిన మూడు చెట్ల పేర్లు కలిసిన మూడు ఊళ్ళు బహుమానంగా ఇస్తాడు.

బియ్యం ఏరుతూ ఈ కథ చెప్పాను. అత్తగారు చేట దించి, "కొర్రన్నం పెట్టారా! అయితే మన మెట్టోళ్ళే" అన్నారు. కాసేపాగి, "ఆ ఇల్లాలి పేరేంది?" అని అడిగారు.

వెతికాను. నాటకంలో ఆమె యోధుడి భార్య, అంతే. పేరు లేదు.

"ఊళ్ళు ఆయనకొచ్చాయి. పిలవమన్నది ఆవిడ" అని మళ్ళీ చేట అందుకున్నారు.

ఉగాది ముందు, ఒక ఉదయం కొమ్మ చివర రాగి రంగు చిగురు! ముందుగా చూసింది ఆవిడే. వంటింట్లోకొచ్చి నా చేతిలో అట్లకాడ లాక్కుని, "పో, పోయి చూసుకో" అన్నారు.

ఇప్పుడు మేం అయిదుగురం. చలికాలం ఆదివారాల్లో ఎవరో ఒకరి మిద్దె మీద చేరతాం. క్లబ్బంటే బోర్డూ రసీదు పుస్తకమూ ఉంటాయనుకునేరు! ఉన్నవల్లా ఓ కత్తెర, రాగితీగ చుట్ట, ఫ్లాస్కులో కాఫీ. జపాను వాళ్ళు చలికి కుండీ మట్టి గడ్డకట్టకుండా చెట్లని గాలి తగలని చోటికి చేరుస్తారు. ఆకు రాల్చిన కొమ్మల అందం చూడ్డానికి అదే సమయమట. 1934లో మొదలైన టోక్యో కొకుఫు ప్రదర్శన ఫిబ్రవరిలోనే పెడతారు. మనకి ఆ బెడద లేదు. చెట్టుకి ఎండ తగిలేలా పెట్టాలి. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే, పొద్దుటి పూట నీళ్ళు పోయాలి. ఎరువు తగ్గించాలి. చుట్టిన తీగ బెరడులోకి దిగుతుంటే విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీసెయ్యాలి. మా నీళ్ళలో ఉప్పెక్కువ. కుండీ అంచున తెల్లగా పేరుకున్నది గీకెయ్యాలి. కుండీ మార్చడం మాత్రం చలి పోయాకే.

ఒకసారి మాలో ఒకావిడ, "మనల్ని కత్తిరించినట్టే దీన్నీ కత్తిరిస్తున్నాం కదూ" అంది. ఎవరం మాట్లాడలేదు. మన రాష్ట్రంలోనే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు అయిదెకరాలు పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ జాతి గింజే మా పళ్ళెంలో జానెడు చెట్టు. న్యాయమా అంటే ఏం చెప్పను?

హిరోషిమాలో యమాకి అనే కుటుంబం ఒక కుండీ చెట్టుని తరతరాలుగా పెంచింది. 1625 నుంచీ పెంపకంలో ఉన్న చెట్టది. 1945 ఆగస్టు 6న సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో అణుబాంబు పడితే, గోడ చాటున ఉండి బతికింది. 1976లో ఆ ఇంటి పెద్ద దాన్ని అమెరికాకే కానుకగా ఇచ్చాడు. బాంబు సంగతి ఎత్తలేదు. 2001లో మనవలు వాషింగ్టన్ వెళ్ళి చెబితేగాని అక్కడివాళ్ళకి తెలియలేదు. కుండీలో చెట్టు ఒక్కరోజు మరిచిపోతే చస్తుంది. అన్నేళ్ళు అది బతికిందంటే, ఎవరో ఒకరు రోజూ గుర్తుపెట్టుకున్నారన్నమాట. కత్తెర పట్టిన చెయ్యే నీళ్ళూ పోసింది. ఆవిడ ప్రశ్నకి ఇది జవాబు కాదని నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచీ కత్తెర పట్టేముందు ఒక్క క్షణం ఆగుతాను.

కార్తీకంలో అత్తగారితో మా భైరవకోనకి వెళ్ళాను. కొండని తొలిచి చేసిన గుళ్ళు. పక్క రాతి నెర్రెలో మోకాలెత్తు రావి ఒకటి, ముదురు మానుతో. దానికి కత్తెర వేసినవాళ్ళు లేరు. రాయే దాన్ని అంతలో ఉంచింది. అత్తగారు దానికీ దణ్ణం పెట్టారు.

ఇంటికొచ్చాక మూకుట్లో రావి దగ్గర ఒత్తి వెలిగించి, "ఇది ఆ ఇల్లాలి పేరు మీద" అన్నారు.

ఏ ఇల్లాలని నేను అడగలేదు.