ఉబ్బసము: పీల్చు స్టీరాయిడు ఔషధముల కథ

ఉబ్బసము మానవజాతికి క్రొత్త వ్యాధి కాదు. ప్రాచీన గ్రీకు వైద్యులు దీనిని ఎరుగుదురు. మన ఆయుర్వేదమున దీనికి తమకశ్వాస మని పేరు. అయితే వ్యాధిని ఎరుగుట వేరు, దానిని అదుపులో నుంచుట వేరు. ఈ రెండవ పని ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధమున గాని చక్కగా సాధ్యపడలేదు. అది సాధ్యపడుటకు ముఖ్యకారణమైన ఔషధమును చూచియే నేడు పెక్కుమంది తల్లిదండ్రులు భయపడుచున్నారు. "స్టీరాయిడు" అను మాట చెవిని బడగానే పిల్లవాని మందు మానిపించువారు కలరు. ఈ భయము ఎక్కడ పుట్టినది? అందు నిజమెంత? ఇది తెలిసికొనుటకు ఆ ఔషధము నడచివచ్చిన దారిని ఒకమారు పరిశీలింతము.

ఉమ్మెత్త పొగ

మందును మ్రింగుటకంటె ఊపిరితో పీల్చుట మేలను ఊహ పాతదే. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున మద్రాసులో ప్రధాన వైద్యాధికారిగా నుండిన జేమ్సు ఆండర్సను, ఉమ్మెత్త పొగ పీల్చి ఆయాసము తగ్గించుకొను ఇచ్చటి పద్ధతిని గమనించెను. ఆ పద్ధతిని జనరల్ జెంట్ అను సైనికాధికారి 1802లో బ్రిటనుకు కొనిపోయెను. తరువాత నూరేండ్లకు పైగా ఐరోపాలో ఉబ్బసరోగులకు ఉమ్మెత్త చుట్టలు అమ్ముడుపోయెను. ఉమ్మెత్తలోని అట్రోపీను వంటి పదార్థములు శ్వాసనాళముల చుట్టునున్న కండరములను సడలించును. కాని ఉమ్మెత్త విషము. మోతాదు తప్పినచో మతి చలించును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఇది చరిత్రలో చెప్పుకొనదగిన పద్ధతియే గాని ఆచరింపదగినది కాదు.

అంతేకాక, ఇది వ్యాధిలో సగమునకే మందు. ఉబ్బసమున రెండు విషయములు జరుగుచుండును. ఒకటి, శ్వాసనాళముల కండరములు బిగిసికొనుట. రెండు, ఆ నాళముల లోపొర వాచి, ఎఱ్ఱనై, జిగట కఫమును స్రవించుట. కండరములు సడలినంత మాత్రమున వాపు తగ్గదు. అది నిప్పు ఉండగా పొగను మాత్రము విసరికొట్టుట వంటిది.

కార్టిసోను వచ్చుట

మూత్రపిండముల పైభాగమున టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వీటిని అధివృక్క గ్రంథు లందురు. ఇవి చెడినచో మనిషి క్రమముగా క్షీణించి మరణించునని లండను వైద్యుడు థామస్ అడిసన్ 1855లో వివరించెను. ఈ గ్రంథుల పైపొరనుండి అమెరికాలో ఎడ్వర్డ్ కెండాలును, స్విట్జర్లాండులో టడ్యూష్ రైఖ్‌స్టయినును 1930 దశకమున పెక్కు పదార్థములను వేరుచేసిరి. అందొకటి తరువాత కార్టిసో నను పేర ప్రసిద్ధి కెక్కెను. 1948 సెప్టెంబరులో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు మేయో వైద్యాలయమున కీళ్లవాతముతో కదలలేకున్న ఒక స్త్రీకి దానిని ఎక్కించెను. కొలది దినములలోనే ఆమె లేచి నడచెను. హెంచ్, కెండాల్, రైఖ్‌స్టయిను మువ్వురికిని 1950లో నోబెల్ బహుమానము లభించెను.

వాపును అణచు ఈ గుణము ఉబ్బసమునకును పనికివచ్చెను. ఏ మందుకును లొంగని రోగులు మాత్రలతో తేరుకొనిరి. కాని కొన్ని నెలలు గడచుసరికి మరియొక ముఖము కనబడెను. రోగుల మొగము గుండ్రముగా ఉబ్బెను, చర్మము పలుచబడెను, ఎముకలు గుల్లబారెను, రక్తపుపోటు, మధుమేహము తలయెత్తెను, పిల్లల ఎదుగుదల కుంటుపడెను. వీటన్నిటికంటె ప్రమాదకరమైనది మరియొకటి కలదు. బయటినుండి హార్మోను సమృద్ధిగా వచ్చుచుండగా శరీరము తన అధివృక్క గ్రంథులకు పని చెప్పుట మానును. పనిలేని గ్రంథులు నిద్రబోవును. అట్టి స్థితిలో మాత్రలను హఠాత్తుగా నిలిపినచో, జ్వరమో శస్త్రచికిత్సయో వచ్చిన వేళ శరీరము తట్టుకొనలేక కుప్పగూలును.

నేటి భయమునకు మూల మిదియే. అది ఊరక పుట్టిన భయము కాదు. అయితే అది మాత్రలనుగూర్చిన అనుభవము. ఆ మాత్రలతో పీల్చు మందునకుగల సంబంధ మెంత యన్నదే ప్రశ్న.

చర్మము చెప్పిన రహస్యము

వాపు శ్వాసనాళములలో నున్నప్పుడు మందును అచ్చటికే పంపరాదా? 1951లోనే గెల్‌ఫాండ్ అను వైద్యుడు కార్టిసోనును తుంపరగా పీల్పించి చూచెను. తరువాత హైడ్రోకార్టిసోను, డెక్సామెథసోనులను కూడ ప్రయత్నించిరి. మొదటి మందులు ఆచోట చాలినంత శక్తి చూపలేదు. డెక్సామెథసోను శక్తిగలదే కాని ఊపిరితిత్తులనుండి రక్తములో జేరి, మ్రింగిన మాత్ర చేయు కీడే చేసెను.

ఇంతలో పీల్చు సాధనము మెరుగుపడెను. 1956లో అమెరికాలోని రైకర్ సంస్థ, ఒక్కొక్క నొక్కుకు కొలిచిన మోతాదును వదలు చిన్న డబ్బాను ప్రవేశపెట్టెను. అందు మొదట కండరములను సడలించు మందులే నింపిరి. తక్షణ సుఖము నిచ్చుటచే రోగులు వాటినే నమ్ముకొనిరి. 1960 దశకమున బ్రిటనులో ఉబ్బసముచే చనిపోవు యువకుల సంఖ్య పెరుగగా, ఐసోప్రెనలీను తుంపరల మితిమీరిన వాడుకపై పరిశోధకుల దృష్టి పడెను. ఆయాసము తగ్గినట్లు తోచుచుండగా లోపలి వాపు పెరుగుచుండుట కూడ ఇందలి అపాయములలో నొకటి.

దారి చూపినది చర్మవైద్యము. స్టీరాయిడు ద్రావణమును చర్మముపై పూసినచో అచ్చటి రక్తనాళములు కుదించుకొని చర్మము తెల్లబారును. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనువారు ఈ తెలుపును బట్టి మందు పైపూతగా ఎంత శక్తిగలదో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఇంగ్లండులోని అలెన్ అండ్ హాన్‌బరీస్ సంస్థ పరిశోధనాధిపతి డేవిడ్ జాక్, చర్మముపై చక్కగా పనిచేయు మందు శ్వాసనాళముల లోపొరపైనను పనిచేయవలెనని తర్కించెను. అట్లు ఎన్నుకొన్నది బెక్లోమెథసోను డైప్రొపియొనేటు.

డెర్బీ నగర వైద్యుడు హ్యారీ మారో బ్రౌను తన సహచరులతో 60 మంది రోగులపై దీనిని పరీక్షించి 1972లో ఫలితములను ప్రకటించెను. వారిలో 37 మంది స్టీరాయిడు మాత్రలపై ఆధారపడినవారు; 28 మందిని మాత్రలనుండి తుంపరకు మార్చగలిగిరి. ఇట్లు మాత్రలు మానినవారిలో కొందరికి అంతవరకు అణగియున్న తుమ్ములు, గజ్జి వంటివి మరల తలయెత్తుట వైద్యులు చూచిరి. అనగా తుంపరమందు ఊపిరితిత్తులలో పనిచేయుచు, తక్కిన శరీరమును చాలవరకు తాకుటలేదు. ఒక లాభము పోవుటయే మరియొక లాభమునకు సాక్ష్యమైనది.

ఇచ్చట విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చును. ఒక ప్రెడ్నిసోలోను మాత్రలో 5 మిల్లీగ్రాములు, అనగా 5,000 మైక్రోగ్రాములు ఉండును. నాటి తుంపర దినమోతాదు సాధారణముగా 400 మైక్రోగ్రాములు. ఒక్క మాత్ర బరువు మందు పన్నెండు దినములకు పైగా వచ్చును!

మందు పోవు దారి

నొక్కినప్పుడు వెలువడు మందంతయు ఊపిరితిత్తులకు చేరదు. తుంపర వేగముగా వచ్చి గొంతు మలుపును ఢీకొనును. మలుపు తిరుగు బస్సులో ప్రయాణికులు పక్కకు ఒరిగినట్లు, పెద్ద బిందువులు జడత్వముచే తిన్నగా పోయి గొంతు గోడకు అంటుకొనును. సుమారు 1 నుండి 5 మైక్రాన్ల కణములు మాత్రమే గాలితో మలుపు తిరిగి లోనికి పోవును. గొంతున మిగిలిన మందువలననే నోటిలో కాండిడా అను శిలీంధ్రము పెరిగి తెల్లని పూత ఏర్పడుట, గొంతు బొంగురుపోవుట సంభవించును.

దీనికి ఉపాయములు సులభము. డబ్బాకు స్పేసరు అను గొట్టమును తగిలించినచో తుంపర వేగము తగ్గును. పెద్ద బిందువులు దాని గోడలకే అంటుకొనును. పీల్చిన పిదప నోరు పుక్కిలించి నీటిని ఉమ్మివేయవలెను. మ్రింగబడిన మందులో అధికభాగమును కాలేయము నాశనము చేయును. ఈ గుణమును దృష్టిలో నుంచుకొనియే తరువాత బ్యూడెసొనైడు, ఫ్లూటికాసోను వంటివి తయారైనవి.

మిగిలిన అపాయ మెంత?

అపాయము బొత్తిగా లేదనుట సత్యము కాదు. అమెరికా, కెనడాలలో 1,041 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో, దినమునకు 400 మైక్రోగ్రాముల బ్యూడెసొనైడును కొన్ని సంవత్సరములు పీల్చినవారు పెద్దవారైన పిదప తక్కినవారికంటె సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా నుండిరని 2012లో తేలెను. ఈ తగ్గుదల ముఖ్యముగా మొదటి రెండేండ్లలో జరిగి, అటుపై పెరుగలేదు. అధిక మోతాదుల విషయము వేరు. బ్రిటనులో 2002లో ప్రకటితమైన ఒక విచారణలో, పీల్చు స్టీరాయిడుల వలన అధివృక్క గ్రంథులు విఫలమై ఆపదలో పడినవారు 33 మంది కనబడిరి. వారిలో 28 మంది పిల్లలు. వాడిన మోతాదులు దినమునకు 500 నుండి 2,000 మైక్రోగ్రాములు. దీర్ఘకాలము అధిక మోతాదులు వాడినచో ఎముకలు పలుచబడుట, కంటిలో శుక్లములు కూడ రావచ్చును.

త్రాసులో రెండవ తట్టను కూడ చూడవలెను. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రమున జరిపిన పరిశోధన 2000లో వెలువడెను. ఏడాదిలో వాడిన ఒక్కొక్క అదనపు స్టీరాయిడు డబ్బాకు ఉబ్బస మరణముల రేటు 21 శాతము చొప్పున తగ్గెనని అందు తేలినది. మందు మానిన తరువాతి మూడు నెలలలో మరణభయము హెచ్చుగా నుండెనని కూడ తేలినది. ఒక సెంటీమీటరు ఒక తట్టలో నున్నది. ప్రాణము రెండవ తట్టలో నున్నది.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ చరిత్రనుండి గ్రహింపవలసిన నియమములు కొన్నియే. వ్యాధి అదుపులో నుండుటకు చాలిన కనీస మోతాదునే వాడవలెను; దానిని నిర్ణయించువాడు వైద్యుడు. కొంతకాలము బాగుగా నున్నచో ఆయన మెల్లగా తగ్గించును. రోగి తనంతట తాను పెంచరాదు, హఠాత్తుగా మానరాదు. పిల్లల ఎత్తును అప్పుడప్పుడు కొలిచి వ్రాసి యుంచవలెను. నీలి డబ్బా మాత్రమే తరచు వాడుచు స్టీరాయిడును ప్రక్కన బెట్టుట 1960 దశకపు పొరపాటును మరల చేయుటయే. 2019 నుండి అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకములు, పెద్దలకును కౌమారవయస్కులకును స్టీరాయిడు లేకుండ సడలించు మందు నొక్కదానినే ఇయ్యరాదని చెప్పుచున్నవి.

పీల్చు మందునకు బానిసలగుదురన్న మాట మన ఇండ్లలో వినబడుచుండును. అది నిజము కాదు. కళ్లజోడు పెట్టుకొన్న పిల్లవాడు దానికి బానిస కాడు గదా! తరగతిలో ఒక బాలుడు సంచిలోనుండి డబ్బాను తీసినప్పుడు తక్కిన పిల్లలు నవ్వకుండునట్లు చూచుట, దానిని అతనికి అందుబాటులో నుండనిచ్చుట ఉపాధ్యాయుని చేతిలోని పని. మందును కనుగొనుటకు శాస్త్రజ్ఞులు ఎంతకాలము శ్రమించినను, అది పిల్లవాని శ్వాసనాళమును చేరవలె నన్న, తుది అడుగు ఇంటిలోను బడిలోను పడవలసియున్నది.