ప్రయోగశాలకూ రోగికీ మధ్య

మందులు కనిపెట్టేది కంపెనీలనీ, విశ్వవిద్యాలయాలు పాఠాలు చెప్పే చోట్లు మాత్రమేననీ మన చదువుకున్నవారిలో సైతం ఒక నమ్మకం వుంది. తెలుగు సాహిత్యం బోధించే వాడికి యీ విషయంతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. విద్యాలయంలో పుట్టిన జ్ఞానం చివరకు ఎవరి చేతికి పోతున్నదో తెలుసుకోవలసిన బాధ్యత అక్కడ జీతం తీసుకునే ప్రతివాడికీ వున్నదని నా అభిప్రాయం. అందుకు ఇన్సులిన్, పెన్సిలిన్‌ల చరిత్రలను పక్కపక్కన పెట్టి చూడాలి.

1921 వేసవిలో టొరాంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మెక్లియోడ్ ప్రయోగశాలలో బాంటింగ్ అనే యువ శస్త్రవైద్యుడూ, బెస్ట్ అనే విద్యార్థీ కుక్కలమీద పరిశోధన ప్రారంభించారు. క్లోమగ్రంథి నుంచి వారు తీసిన పదార్థాన్ని కాలిప్ అనే రసాయనికుడు శుద్ధి చేశాడు. 1922 జనవరిలో మధుమేహంతో చావుకు దగ్గరైన 14 ఏళ్ల కుర్రవాడు దానితో తేరుకున్నాడు. బాంటింగ్, బెస్ట్, కాలిప్‌లు తమ పేటెంటు హక్కును తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు.

ఈ డాలరు కథ అందరూ చెబుతారు. దాని వెనుకనున్న ఏర్పాటును చెప్పేవారు తక్కువ. విశ్వవిద్యాలయం ఒక కమిటీని వేసి, తయారీదారులకు లైసెన్సులిచ్చి, సరుకు నాణ్యతను తానే పరీక్షించింది. అంతకంటె ముఖ్యం, దానికి కనాట్ లాబరేటరీ అనే సొంత ఉత్పత్తిశాల వుంది. డిఫ్తీరియా మందును ప్రజలకు చౌకగా అందించడానికి 1914లో మొదలైన సంస్థ అది. ఇన్సులిన్ తయారీని కూడా అదే చేపట్టింది.

ఇక ఆక్స్‌ఫర్డ్ సంగతి. 1928లో ఫ్లెమింగ్ లండన్ ఆసుపత్రిలో చూసిన బూజు పదేళ్లకు పైగా మందు కాలేదు. దాన్ని మందుగా మార్చినవారు ఆక్స్‌ఫర్డ్‌లోని ఫ్లోరీ, హీట్లీ, హిట్లర్ జర్మనీ విడిచి వచ్చిన చెయిన్. యుద్ధకాలంలో సామగ్రి దొరకక ఆసుపత్రి మలపాత్రలలో సైతం బూజు పెంచారు. 1940 మే 25న 8 ఎలుకలకు ప్రాణాంతకమైన సూక్ష్మజీవులను ఎక్కించారు. మందు పొందిన నాలుగూ నిలదొక్కుకున్నాయి, పొందని నాలుగూ చచ్చాయి. 1941 ఫిబ్రవరిలో ఒక పోలీసుకు మందు ఇచ్చారు. జ్వరం తగ్గింది. నిల్వ అయిపోయింది. అతని మూత్రం నుంచి మందును తిరిగి తీసి ఎక్కించినా సరిపోక మార్చిలో చనిపోయాడు. తెలివి వుంది, ఉత్పత్తి లేదు. ఆ రెంటి మధ్య ఒక మనిషి ప్రాణం పోయింది.

పేటెంటు తీసుకుందామని చెయిన్ అన్నాడు. అది వైద్యధర్మం కాదని పెద్దలు వారించారు. ఆ ఏడే ఫ్లోరీ, హీట్లీలు అమెరికా వెళ్లి తమకు తెలిసినదంతా పియోరియాలోని ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాలకు చెప్పారు. మొక్కజొన్న పిండి పరిశ్రమలో మిగిలే రసంలో బూజును పెంచి అక్కడివారు దిగుబడిని ఎన్నో రెట్లు పెంచారు. తరువాత ఆ పద్ధతులపై పేటెంట్లు అక్కడి ఆండ్రూ మోయర్ పేర వెలిశాయి. ఆక్స్‌ఫర్డ్ పెద్దల నీతి గొప్పదే. కాని కాపలా లేని దానం దారిలో చేతులు మారింది.

మన దేశం యీ పాఠం కొంత నేర్చుకొంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో 1954లో పింప్రీలో ప్రభుత్వ పెన్సిలిన్ కర్మాగారం ఏర్పడింది. 1961లో సోవియట్ సహాయంతో ఐ.డి.పి.ఎల్. ఏర్పడి హైదరాబాదుకూ వచ్చింది. నగరంలోని ఔషధ పరిశ్రమకు మనుషులను ఇచ్చింది ఆ కర్మాగారమే. 1970 నాటి పేటెంటు చట్టం మందుమీద కాక తయారీ పద్ధతిమీద మాత్రమే హక్కు ఇచ్చింది. 2005లో ఆ తలుపు మూసుకుంది.

విశ్వవిద్యాలయాలూ మారాయి. టొరాంటో 1972లో కనాట్‌ను అమ్మివేసింది. ప్రభుత్వ ధనంతో సాగిన పరిశోధనకు విశ్వవిద్యాలయాలే పేటెంటు తీసుకొని కంపెనీలకు ఇచ్చే వీలును 1980లో అమెరికా చట్టం కల్పించింది. 2020లో ఆక్స్‌ఫర్డ్ తన కోవిడ్ టీకాను మొదట పలువురికి ఇస్తామని చెప్పి, చివరకు ఆస్ట్రాజెనికాకు ప్రత్యేక హక్కుగా అప్పగించింది.

కనుక పరిశోధకుని త్యాగబుద్ధి ఒక్కటే చాలదు. హక్కు ప్రజాసంస్థ చేతిలో వుండాలి, తయారుచేసే శక్తి కూడా దానికి వుండాలి. మన విశ్వవిద్యాలయాలు కంపెనీలతో చేసుకొనే ఒప్పందాలలోని షరతులను బయటపెట్టమని అధ్యాపకులూ విద్యార్థులూ అడగాలి. ఆ పరిశోధనకు ఖర్చుపెట్టినది ప్రజలే గనుక, అడిగే హక్కు మనకున్నది.