తొక్కుడు చక్రం నుండి ఇంటి నడక దాకా

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయండని సంఘం వారు అడిగినప్పుడు, మేము ట్రెడ్‌మిల్లును గురించి వ్రాస్తామన్నాము. ఉపేంద్ర భంజకవి పేరున వెలసిన ఊరిలో కాపురముండి ఇదేమి బుద్ధి అని కొందరు నవ్వినారు. నవ్వినవారిలో ఇద్దరు ముగ్గురు ఆ యంత్రాన్ని కొని దానిమీద తువాళ్ళు ఆరవేసుకుంటున్నవారే! కావున ధైర్యంగానే మొదలుపెడుతున్నాము.

మూడేండ్ల క్రిందట మా అన్నగారికి గుండెకు స్టెంటు వేసినారు. రోజూ అరగంట నడవవలసినదేనని వైద్యులు గట్టిగా చెప్పినారు. శీతకాలమంతా జలాశయపు కట్టమీద బాగానే నడిచినారు. చైత్రం దాటినదో లేదో, ఎండ. ఎండ పోయిన వెనుక వాన. ఎప్పుడూ తప్పనివి బజారులో లారీలు. ఇక ఇంట్లోనే నడిచే ఉపాయం చూడక తప్పలేదు.

ఉన్నచోటనే నడవడం మనవారికి క్రొత్త కాదు. మన పూర్వులు శ్రీకాకుళం, గంజాం సీమల్లో ఏతం తొక్కినవారే. పొడుగాటి దూలంమీద మనిషి ముందుకు నడిస్తే చేద బావిలోకి దిగేది. వెనుకకు నడిస్తే నిండి పైకి వచ్చేది. క్రింద మరొకడు నీరు ఒంపుతూ పాట అందుకునేవాడు. ప్రొద్దుట నుండి ఎన్ని ఆమడలు నడిచినా ఆ మనిషి బావి దాటి పోయినది లేదు. కాని చేను తడిసేది.

ఇంగ్లండులో పుట్టిన చక్రానికి ఆ భాగ్యం కూడా లేదు. 1818లో విలియం క్యూబిట్ అను ఇంజనీరు, జైళ్ళలో ఖైదీలు ఊరకే కూర్చుంటున్నారని చూచి, మెట్లు గల పెద్ద చక్రాన్ని కల్పించినాడు. ఖైదీలు వరుసగా నిలిచి ఎక్కుతూనే ఉండవలె. మెట్లు దిగిపోతూనే ఉంటవి. 1821లో లండనులోని బ్రిక్స్‌టన్ జైలులో పెట్టిన చక్రం పేరు పొందినది. కొన్నిచోట్ల దానితో ధాన్యం విసిరించినారు, నీరు తోడించినారు. కొన్నిచోట్ల ఏమీ లేదు, గాలిని విసరడమే. 1895లో శిక్షపడిన ఆస్కార్ వైల్డు వంటి రచయితకు కూడా ఈ తొక్కుడు తప్పలేదు. 1898 నాటి జైళ్ళ చట్టంతో ఆ దేశంలో ఇది అంతరించినది. ట్రెడ్‌మిల్లు అన్న పేరు మాత్రం మిగిలి, ఇప్పుడు మనం డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాము.

శిక్ష వైద్యంగా మారిన కథ అమెరికాలో జరిగినది. సియాటిల్ నగరంలో రాబర్ట్ బ్రూస్ అను హృద్రోగ వైద్యుడు రోగిని నడిచే పట్టీమీద నిలిపి, ఒంటికి తీగెలు తగిలించి, మూడేసి నిమిషాలకు ఒకసారి వేగాన్నీ వాలునూ పెంచుతూ గుండె తీరు చూచే పద్ధతిని నెలకొల్పినాడు. 1963లో ప్రకటించిన ఆ క్రమమే నేటికీ ఆయన పేరున నడుస్తున్నది. స్టెంటుకు ముందు మా అన్నగారిని ఎక్కించిన టి.ఎం.టి. పరీక్ష ఈ వంశంలోనిదే. 1968లో కెన్నెత్ కూపర్ అను వైద్యుడు 'ఏరోబిక్స్' అన్న గ్రంథం వెలువరించగా, దానిని చదివిన విలియం స్టాబ్ అను ఇంజనీరు, సామాన్యుల ఇండ్లకు తగిన యంత్రం లేదేమని తానే ఒకటి తయారుచేసినాడు. ఆయన 96 ఏండ్లు బ్రతికి 2012లో పోయినాడు.

మనవైపు వీరఘట్టం వాడైన కోడి రామమూర్తిగారు యంత్రాలేవీ లేకుండానే కార్లను గొలుసులతో ఆపినారు. ప్రాణాయామమే తన బలమన్నారు. ఆయన 1942లో కన్నుమూసినది ఈ ఒడిశాలోని బలాంగీర్‌లోనే. అయితే ఆయన దారి స్టెంటు వేసుకున్న గుండెకు చెప్పదగినది కాదు.

ఇక మా కొనుగోలు. మొదట బరంపురంలో ఒక దుకాణం వారు నాలుగు హార్స్‌పవరు అంటే సంతోషంగా తెచ్చుకున్నాము. అది మోటారు ఒక్క క్షణం అందుకునే గరిష్ఠ బలమట! ఎడతెగక ఇచ్చే బలం అందులో సగం లేదు. పట్టీ కూడా పొట్టిది. మా అన్నగారు పొడుగరి. ఒకనాడు వెనుక అడుగు పట్టీ దాటి జారి పడిపోయినారు. చొక్కాకు తగిలించుకోవలసిన తాడు గూటికి వ్రేలాడుతూ ఉన్నది. ఎముకలు విరగలేదు గాని, నెల రోజులు ఆ గదిలోకి పోనన్నారు. నడక మానితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. పైకి అన్నవారు లేరు.

రెండవసారి తొందరపడలేదు. ఎడతెగని బలం ఎంతో కాగితంమీద చూపించమన్నాము. నడకకు రెండు హార్స్‌పవరు చాలును. పట్టీ నాలుగడుగులకు తగ్గకుండా, పక్క పట్టుకొమ్మలు పొడుగుగా ఉండేటట్లు చూచుకున్నాము. యంత్రం మోయగల బరువు మనిషి బరువుకన్న ఇరవై కిలోలైనా ఎక్కువ ఉండవలె. అన్నగారినే బూట్లతో ఎక్కించి దుకాణంలో పది నిమిషాలు నడిపించినాము. కరెంటు లేని చేతి యంత్రం చవక, కాని పట్టీని కాళ్ళతోనే త్రోయవలె గనుక ఆ వయసుకు వద్దనుకున్నాము. అన్నిటికన్న ముఖ్యంగా, చెడితే మరమ్మతు మనిషి భంజనగరు వస్తాడా అని అడిగినాము. వస్తానన్నవాడి దగ్గరనే కొన్నాము.

ఇంట్లో ఎర్తు గల వేరే ప్లగ్గు పెట్టించి, వెనుక రెండు మీటర్ల చోటు వదిలి, అద్దాల బీరువాను ప్రక్క గదిలోకి జరిపినాము. వారానికి నూటయాభై నిమిషాల నడక చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి మాట. అన్నగారు గోడమీద క్యాలెండరులో సున్నాలు చుట్టుకుంటూ అంతకు కొంచెం ఎక్కువే నడుస్తున్నారు. కరెంటు పోయినప్పుడు పట్టుకొమ్మ పట్టుకొని ఆగుతారు. మొన్న మాఘమాసంలో మాత్రం తిరిగి కట్టమీదికే పోయినారు. ఆ నెలంతా యంత్రంమీద మా వదినగారు నడిచినారు.