ప్రాచీన ఈజిప్టు పూసలు: మట్టి, ఫయాన్స్ భేదం

క్రీ.పూ. 2000 ప్రాంతపు ఈజిప్టు సమాధులలో తెడ్డు ఆకారపు చెక్కబొమ్మలు లభించాయి. వాటికి దారాలకు గుచ్చిన చిన్న మట్టిపూసలే కేశాలు. కొన్నింటిలో ఫయాన్స్ పూసలూ ఉన్నాయి. ఈ రెంటినీ తెలుగులో 'మట్టిపూసలు' అనో, 'పింగాణి పూసలు' అనో ఒకే గాట కట్టడం సమంజసం కాదు.

మట్టిపూసకు మూలద్రవ్యం బంకమన్ను. పింగాణికి కూడా మన్నే ఆధారం. ఫయాన్స్‌కు మాత్రం మెత్తగా నూరిన స్ఫటికశిల లేదా ఇసుక ఆధారం. దానికి కొద్దిగా సున్నం, నాట్రాన్ లేదా మొక్కల బూడిద నుండి లభించే క్షారం, రాగి చేర్చి ముద్ద చేసేవారు. ఒక పద్ధతిలో ముద్ద ఆరేటప్పుడు లవణాలు ఉపరితలానికి చేరి, కాల్చినప్పుడు కరిగి నీలి మెరుగుగా ఏర్పడేవి. ఈజిప్షియన్లు దీనిని 'మెరిసేది' అనే అర్థంగల పదంతో వ్యవహరించారు. ఆ పేరు మన్నును గాక కాంతిని సూచించడం గమనార్హం.

తెలంగాణలోని కొండాపూర్‌లో 1940–42 తవ్వకాలలో లభించిన పూసలపై మోరేశ్వర్ దీక్షిత్ 1952లో ప్రత్యేక గ్రంథం వెలువరించారు. అట్టి పరిశోధన తెలుగులో సాగాలంటే ద్రవ్యభేదం పదభేదంగా నిలవాలి. ద్రవ్యం పేరు తప్పితే కొలిమి చరిత్ర కూడా తప్పుతుంది. కనుక 'ఫయాన్స్' పదాన్ని యథాతథంగా స్వీకరించి, 'స్ఫటికచూర్ణపు పూస' అనే వివరణ జోడించడం ఉచితం.