పేరులేని వర్ణం, పేరున్న దివాణం

ఒక కథను ఒక భాషనుండి మరొక భాషకు తేవడంలో ఉన్న చిక్కులన్నీ అక్షరంనుండి వెండితెరకు తేవడంలోనూ ఉన్నాయి. 1965లో అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వారు విడుదల చేసిన 'డై, మాన్‌స్టర్, డై!' ఇందుకు మంచి ఉదాహరణ. బ్రిటన్‌లో దీనినే 'మాన్‌స్టర్ ఆఫ్ టెర్రర్' అన్నారు. దర్శకుడు డేనియల్ హాలర్‌కు ఇది తొలి చిత్రం.

దీని మూలం హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ వ్రాసిన 'ది కలర్ ఔట్ ఆఫ్ స్పేస్'. 1927 సెప్టెంబరులో 'అమేజింగ్ స్టోరీస్' పత్రికలో అచ్చయిన కథ. మసాచుసెట్స్ కొండల్లో నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు బావి దగ్గర ఉల్క ఒకటి పడుతుంది. దానిలోని వర్ణం మానవుడెరిగిన ఏ వర్ణమూ కాదు. ఆ ఏడు పండ్లు విపరీతంగా కాస్తాయి. నోట పెడితే చేదు. తరువాత చెట్లూ పశువులూ బూడిదరంగుకు తిరిగి పొడిపొడిగా రాలిపోతాయి. భార్యకు మతి చలిస్తుంది. బావికి వెళ్లిన కొడుకులు తిరిగి రారు. ఇంతకూ ఆ రైతు చేసిన నేరమేమిటి? ఏమీ లేదు. కథలోని భయమంతా అక్కడే ఉంది. కథ వెలువడిన ఆ సంవత్సరమే న్యూజెర్సీలో గడియారపు పలకలకు రేడియం రంగు పూసిన స్త్రీలు న్యాయస్థానానికెక్కారు. కుంచెను పెదవులతో మొన చేసుకోమని నేర్పిన పని అది. వారు చేసిన నేరమూ ఏమీ లేదు.

చిత్రంలో రైతు ఇల్లు మాయమైంది. కథ అట్లాంటిక్ దాటి ఇంగ్లండు చేరింది, గార్డ్‌నర్ కాస్తా విట్లీ అయ్యాడు, పూరిల్లు దివాణమైంది. దర్శకుని పూర్వచరిత్ర చూస్తే ఇందులో వింత లేదు. రోజర్ కార్మన్ తీసిన 'హౌస్ ఆఫ్ అషర్' (1960)కు కళాదర్శకుడు హాలరే. కూలబోతున్న భవనం, గోడలపై పూర్వుల చిత్తరువులు, మంచు – ఇదంతా 1764లో వాల్‌పోల్ వ్రాసిన 'కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' నాటినుండి వస్తున్న సొత్తు. బయటి దృశ్యాలకు థేమ్స్ ఒడ్డునున్న ఓక్లీ కోర్ట్ అనే విక్టోరియా కాలపు భవనాన్ని వాడుకున్నారు.

అయినా చిత్రాన్ని తీసిపారవేయడం న్యాయం కాదు. రైలు దిగిన అమెరికన్ యువకుణ్ణి ఆ దివాణానికి చేర్చడానికి ఊరిలో ఎవ్వరూ ఒప్పుకోరు. అతడు మాడిన నేల మీదుగా నడిచి పోతాడు. ఆ నడకలో మూలకథ ఊపిరి ఉంది. గాజుగృహంలో అతిగా పెరిగిన మొక్కలు, లోపలి గదిలో బోనుల్లో మూలుగుతున్న వికృత ప్రాణులు కూడా మరపునకు రావు. చక్రాల కుర్చీలో కూర్చున్న బోరిస్ కార్లాఫ్‌కు అప్పటికి డెబ్బది ఏడేండ్లు. (ఈ 'రాక్షస' నటుని తండ్రి మన దేశంలో ఉప్పు పన్ను శాఖలో ఉద్యోగి అన్నది చాలామంది ఎరుగని సంగతి.)

చిక్కంతా ఆ వర్ణంతోనే. 'ఇది కాదు, అది కాదు' అని చెప్పగల శక్తి మాటకు ఉంది. ఉపనిషత్తుల కాలంనుండి మనకు తెలిసిన పద్ధతే. తెరకు ఆ శక్తి లేదు. అది ఏదో ఒక రంగు చూపి తీరాలి. హాలర్ ఆకుపచ్చని వెలుగు చూపాడు. హిరోషిమా తరువాతి కాలం కనుక దానికి రేడియో ధార్మికత అని పేరూ పెట్టాడు. పేరు పెట్టగానే సగం భయం పోయింది. మిగిలిన సగాన్ని వంశచరిత్ర పోగొట్టింది. విట్లీ పూర్వుడొకడు దుష్టశక్తులను కొలిచాడట; ఆ మచ్చ మాపి వంశాన్ని నిలబెట్టడానికే విట్లీ ఆ రాయిని ఉపయోగించబోతాడు. ఇక అది అకారణమైన ఆపద కాదు, పూర్వపాపానికి ఫలితం. భవనం తగులబడుతుంది, ప్రేమికులు బయటపడతారు, ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి పోతాడు.

2019లో రిచర్డ్ స్టాన్లీ ఈ కథను తిరిగి రైతు ఇంటికి తెచ్చాడు. అతడు ఎంచుకున్న రంగు మెజెంటా. ఇంద్రధనుస్సులో దానికి చోటు లేదు. ఎరుపూ ఊదా కలిసినపుడు కన్ను కల్పించుకునే రంగు అది. మూలకథ ముగింపును కూడా అతడు వదలలేదు. ఆ నేలను ముంచుతూ నగరానికి జలాశయం కడతారు. అక్కడ కొలతలకు వెళ్లినవాడొక్కడే ఆ నీరు ముట్టనని ఒట్టుపెట్టుకుంటాడు.